మాంగా గది కంపు

తలుపు సందులోంచి కొట్టిన కంపుకి అక్క మొహం తిప్పుకుంది. చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుని తలుపు దబదబా బాదింది.

"ఎవరూ?" లోపల్నుంచి గొంతు.

"ఇంటివాళ్లం. మీరెవరో మీరే చెప్పాలి."

తలుపు జానెడు తెరుచుకుంది. ఆ జానెడూ మూసేస్తూ తమ్ముడి స్నేహితుడు నిలబడ్డాడు. ఎండనకా వాననకా నెత్తిన టోపీ ఉంటుంది గనక అక్క వాడికి 'టోపీ' అనే పేరు పెట్టుకుంది. వాడి వెనకాల నేల మీద ఇంకో స్నేహితుడు, బొద్దబ్బాయి, చేతులకి తెల్ల గ్లవ్స్ తొడుక్కుని, ఓ బొమ్మల పుస్తకాన్ని పసిగుడ్డుని ఎత్తుకున్నట్టు పట్టుకుని కూర్చున్నాడు.

"మళ్లీ దిగారా?"

"చిన్న పనుందక్కా. సాయంత్రానికి అయిపోతుంది."

"ఏమిటా కంపు? ఎలకేమన్నా చచ్చిందా?"

వాళ్లిద్దరూ మొహాలు చూసుకున్నారు. "సాక్సులక్కా," అన్నాడు బొద్దబ్బాయి.

ఛీ, మనుషులా వీళ్లు! అక్క పళ్ల డాక్టరు దగ్గర పనిచేస్తుంది. రోజంతా పనిముట్లు ఉడకబెట్టి తుడిచే మనిషికి ఆ గది పేరు చెబితేనే ఒళ్లు జలదరిస్తుంది. తమ్ముడు బాగున్న రోజుల్లోనే అందులో అడుగు పెట్టేది కాదు.

ఆ తమ్ముడు ఇప్పుడు ఆసుపత్రిలో ఉన్నాడు. బండి మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఫోను రాగానే అక్క తలుపైనా వెయ్యకుండా ఉన్నపళంగా పరిగెత్తి, ఆపరేషనయ్యేదాకా ఇంటి మొహం చూడలేదు. తీరా మత్తు వదిలాక వాడన్న మొదటి మాట ఏమిటి? "అక్కా, నా మాంగాలు జాగ్రత్త. అవి పోతే నేను మళ్లీ మనిషిని కాను."

మాంగాలంటే జపాను బొమ్మల కథలు. వెనక అట్ట నుంచి ముందుకి చదవాలట, అదో వింత. బళ్లో చదివే రోజుల నుంచి ఒక్కొక్కటే పోగుచేశాడు. ఒక వరసలో పుస్తకాలన్నీ పక్కపక్కన నిలబెడితే వాటి వీపుల మీద పొడుగాటి డ్రాగన్ బొమ్మ ఏర్పడుతుంది. ఒక్కటి పోయినా డ్రాగన్‌కి నడుం తెగుతుంది. ఆ పిచ్చి అక్కకి అర్థం కాదు గానీ, మాటయితే ఇచ్చింది. రేపు వాడు ఇంటికొస్తున్నాడు.

మధ్యాహ్నం వాకిట్లో బట్టలు ఆరేస్తుంటే కిటికీలోంచి మాటలు వినబడ్డాయి.

"టీవీలో వచ్చిన అనిమేలో చివర తగలేశారు గానీ, ముగింపంటే ఈ పుస్తకంలోదే ముగింపు."

"నోరు మూసుకుని పని చూడరా. ఇది మరీ కొత్తగా ఉంది, వద్దు. పేజీలు పసుపెక్కింది తియ్యి."

"మొదటి పేజీలో పేరుంది."

"చెరిపెయ్. చూస్తే గుర్తుపడతాడు."

"మొత్తం మార్చేసినా కనిపెట్టడంటావా?"

"వాడొచ్చేలోగా అయిపోతే చాలు."

అక్క చేతిలో తడిబట్ట అలాగే ఉండిపోయింది. మంచం మీదున్న స్నేహితుడి సొమ్ము మార్చేస్తూ, మధ్యలో కథల ముచ్చట్లు కూడానా? తమ్ముడు వాళ్లని నమ్మి తాళంచెవి ఇచ్చాడు. శవం మీద వాలే రాబందులు నయం, అవి ముందు చచ్చిందో లేదో చూస్తాయి.

సాయంత్రం ఇద్దరూ భుజాలు వంగిపోయేలా బ్యాగులు మోసుకుంటూ బయటికొచ్చారు. అక్క గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"దించండి."

"అక్కా, అదేం లేదు..."

"దించమన్నానా? వాడు మిమ్మల్ని అన్నదమ్ములని చెబుతాడు. థూ, సిగ్గుండాలి."

టోపీ ఏదో చెప్పబోయేలోగా ఆమె బ్యాగు లాగి జిప్పు తీసింది. గుప్పున కొట్టిన కంపుకి రెండడుగులు వెనక్కి వేసింది. లోపల పుస్తకాలే ఉన్నాయి. కానీ నాని, ఉబ్బి, ఒకదానికొకటి అంటుకుపోయి, అంచుల్లో నల్లటి బూజు పట్టి ఉన్నాయి.

"ఏమిటివి?"

"వాడివే అక్కా," అన్నాడు టోపీ.

"మరి అరల్లో ఉన్నవి?"

"సగం నావి, సగం వీడివి. మా ఇళ్లలో అదే వరస ఉంది. మరీ కొత్తవి పెడితే వాడు పట్టేస్తాడు, అందుకని వాడి వాటిలాగే నలిగినవి ఏరి సర్దుతున్నాం."

అక్క ముక్కు మూసుకోవడం మర్చిపోయి గదిలోకి తొంగి చూసింది. డ్రాగన్ తల నుంచి తోకదాకా చెక్కుచెదరకుండా ఉంది.

"నాకెందుకు చెప్పలేదు?"

"మీరసలే ఆసుపత్రి చుట్టూ తిరుగుతున్నారు కదా. వాడి బట్టలు తీసుకెళ్దామని మొదటిరోజు వచ్చాం. చూస్తే కప్పులోంచి ధారగా నీళ్లు కారుతున్నాయి. ఎవరో కుళాయి కట్టకుండా వెళ్లిపోయారు. మేమే కట్టేసి, అంతా తుడిచాం."

అక్కకి ఇందాకటి కోపమంతా కొత్త దారి పట్టింది. "కుళాయి కట్టడం కూడా చేతకాని ఆ మొహం ఎవరిది? నాకు చెప్పు, మా తమ్ముడి పుస్తకాలు నాశనం చేసినందుకు నిలబెట్టి కడిగేస్తాను."

"వదిలెయ్యండక్కా. పాపం, ఏ కంగారులో వెళ్లారో." టోపీ తల దించుకున్నాడు. "వాడికి మాత్రం చెప్పకండి."

"చెప్పకపోవడమేమిటి? ఎవరో తేలాల్సిందే."

బొద్దబ్బాయి కళ్లు వద్దనుకుంటూనే కప్పు వైపు లేచాయి.

పై వాటాలో ఉండేది అక్క ఒక్కతే.