ఈగల సంబంధం

అరటిపండు మీద వాలిన చిన్న ఈగని కొట్టడానికి ఆనందరావు పేపరు చుట్టి చెయ్యెత్తాడు.

“మావయ్యా, కొట్టకు! అది మా ల్యాబుది!” కెవ్వుమంది సౌజన్య.

ఎత్తిన చెయ్యి పైనే ఆగిపోయింది. మేనకోడలికి బడ్జ్ బడ్జ్ ఊరి సంబంధం ఖాయం చేద్దామని పళ్ళు పట్టుకొచ్చిన మనిషి ఆయన. ఆ రోజు ల్యాబుకి సెలవని సౌజన్య ఇంటికి తెచ్చుకున్న సీసాలోంచి ఈగ ఒకటి తప్పించుకుందని ఆయనకేం తెలుసు?

“సైన్సు సదువుల్లో మనలాటోళ్ళు తక్కువని, ఏసవి సెలవుల్లో ఆ ల్యాబోళ్ళు నిన్ను ఏరి మరీ పిలిస్తే ఏటో అనుకున్నాను. ఈగల్ని కాయడానికేటి?”

“కాయడం కాదు మావయ్యా. తెల్లకళ్ళ ఈగనీ ఎర్రకళ్ళ ఈగనీ జత కలిపి, పిల్లల కళ్ళు ఏ రంగో చూస్తాం.”

“ఇన్నావేటి జగ్గమ్మా? తన సంబంధం ఒద్దంటాది, ఈగలకి సంబంధాలు సూస్తాది!” అన్నాడు ఆనందరావు చెల్లెలితో.

జగ్గమ్మకీ నవ్వొచ్చింది. ఖిదిర్‌పూర్ బజార్లో ఎండుచేపల బుట్ట ముందు కూర్చుని ఆమె జీవితమంతా తోలింది ఈగల్నే. కూతురు భూతద్దం చేతికిచ్చి, దూది బిరడా పెట్టిన సీసా ముందుకు జరిపితే, సరదాకి ఓ కన్ను మూసి చూసింది.

చాలాసేపు తలెత్తలేదు.

“నిజివే. దీని కళ్ళు ముత్తేల్లాగున్నాయే,” అంది మెల్లగా. “ఇన్నేళ్ళూ తోలడమే గానీ, ఒక్క ఈగ మొకమూ సూడనేదే నాను.”

ఆనందరావు గొంతు సవరించుకున్నాడు. “మగపెళ్ళోళ్ళకి ఏటి సెప్పమంటావు?”

జగ్గమ్మ ఆయన తెచ్చిన పండే ఒకటి ఒలిచి, తప్పించుకున్న ఈగ ముందు పెట్టింది.

“పిల్లకి కాళీ నేదని సెప్పన్నియ్యా. ఈగలకి పురుళ్ళు పొయ్యాల.”