రూపాయి కాలు

"నిజంగానే పట్టుకుపోతారా మావయ్య గారూ?" కనకదుర్గ అడిగింది.

శివరామయ్య నోటీసును రెండోసారి చదివాడు. నాగాయలంక బస్టాండు ఎదురుగా ఆయన డీటీపీ షాపు. రేవులో సగం పడవలకు లైసెన్సు అర్జీలు నింపింది ఆయనే. కనకదుర్గ వాళ్ల పడవకీ ఆయనే నింపాడు.

"చేపల వేట నిషేధించిన రోజుల్లో వేటకెళ్లారని రాశారమ్మా. సాయంత్రం ఐదులోగా అరవై వేలు జరిమానా. కట్టకపోతే పడవ జప్తు, మీ ఆయన బాబూరావుకి జైలు."

"ఆ రోజుల్లో మా పడవ ఒడ్డునే ఉందండీ! ఇంజను కూడా ఊడదీసి పెట్టాం. ఇప్పుడు చూస్తే ఆయనేమో వేటలో ఉన్నాడు, ఫోను కలవట్లేదు."

"నాకు తెలుసమ్మా. వాళ్లకెవరు చెబుతారు?"

పొద్దున ఎవడో హెల్మెట్ కూడా తీయకుండా వాకిట్లో ఆ కాగితం పడేసి, బండి తిప్పుకుపోయాడు. వెంటనే కనకదుర్గ గంగమ్మ తల్లికి మొక్కుకుని, మెడలో గొలుసు తీసి కొంగున ముడేసుకుని వచ్చింది.

కనకదుర్గకు చదువు రాదు. అంకెలు మాత్రం తెలుసు. రేవులో ఒకే రంగు చేపల ట్రేలు వందలున్నా, తన గుర్తు ఉన్న ట్రేను దూరం నుంచే పోల్చుకుంటుంది.

"ఈ రూపాయి బొమ్మ చూడండి. మా లైసెన్సు కాగితంలో దీని కాలు తిన్నగా కిందికి దిగింది. నోటీసులో గాలంలా పైకి తిరిగింది. ఇది దొంగ కాగితమేమోనండీ?"

శివరామయ్య నోటీసును మడిచి బల్ల మీద పెట్టాడు. తర్వాత నవ్వాడు. "నువ్వు రేవులో కాదమ్మాయ్, పోలీసుల్లో ఉండాల్సింది. ఇలా రా."

కంప్యూటర్లో రూపాయి గుర్తును ఐదు ఫాంట్లలో కొట్టి చూపించాడు. ఒకటి లావుగా, ఒకటి ఈనెపుల్లలా, ఒకటి పక్కకు ఒరిగి, ఒకటి గుండ్రంగా ఉన్నాయి. ఐదోది ఉత్త డబ్బా.

"ఆ డబ్బా ఏంటండీ?"

"అది పాత ఫాంటు. రూపాయి గుర్తు రాకముందుది. అందుకే ఖాళీ డబ్బా పడింది. మనుషుల చేతిరాతల్లాంటివే ఇవీను. బొమ్మ మారిందని దొంగదంటే ఎలా?"

"మరి గాలం రూపాయి వీటిలో లేదే?"

"ఆ ఫాంటు నా దగ్గర లేదమ్మా. బందరు మత్స్యశాఖ ఆఫీసు వాళ్లకే ఉంటుంది."

మిగిలిన ఆ ఒక్క ఆశా జారిపోయింది. కనకదుర్గ కొంగు ముడిని గట్టిగా పట్టుకుంది.

"పోనీ, బందరు వెళ్లి అడగనా?"

"ఇవాళ రెండో శనివారం, తాళం వేసుంటుంది. పోలీసుల దాకా వెళ్లావో, పడవ అక్కడే కుళ్లిపోతుంది. గొలుసు కుదువపెట్టి డబ్బు తే. నోటీసులో ఉన్న ఫోను నంబరుకు నేనే పంపిస్తాను. దేవుడున్నాడు, భయపడకు."

తప్పు చేయనివాళ్లకు ఈ పరీక్షేంటి తల్లీ అని ఆమె లోలోపలే అడిగింది. కష్టంలో ఈ మాత్రం మనిషిని చూపించావు, అదే చాలనుకుని కళ్లు తుడుచుకుంది.

"మా ఆయనకి చూపించడానికి ఓ జిరాక్స్ తీయండి. ఎంతండీ?"

"రేట్లు మారాయమ్మా. నిన్ననే కొత్త బోర్డు కంప్యూటర్లో కొట్టి అంటించాను, అదిగో."

శివరామయ్య మిషను మీదికి వంగి, వెనక్కి తిరక్కుండానే గోడవైపు చెయ్యి చూపించాడు. కనకదుర్గ తలెత్తింది.

రెండు అంకె పక్కన, రూపాయి కాలు గాలంలా పైకి తిరిగి ఉంది.