వెనక్కి తిరిగి దిగు

"వెనక్కి తిరిగి దిగు నాయనా. రెండు చేతులూ కమ్మీల మీద పెట్టు."

ముసలాయన ఆ మాట సాయంత్రం నుంచి అంటూనే ఉన్నాడు.

యుద్ధనౌకలో మెట్లంటే మన ఇంటి మెట్లు కావు. దాదాపు నిలువుగా నిలబెట్టిన ఇనుప నిచ్చెనలు. ఆయన వాటిలో ఒకదాని తలదగ్గర కాళ్ళు పాతుకుని నిలబడి, దిగబోయే ప్రతి పిల్లాణ్ణీ ఆపి, వెనక్కి తిప్పి, చేతిలో ఏమున్నా జేబులో పెట్టించి గానీ కదలనివ్వడం లేదు.

స్కౌట్ మాస్టర్ ఫుర్టాడోకి చిర్రెత్తుకొచ్చింది.

అమెరికాలోని రోడ్ ఐలండ్ రేవులో ప్రదర్శనకు కట్టేసి ఉంచిన ఆ పాత నౌక పేరు 'టివర్టన్'. ఒక రాత్రి అందులో పడుకోవాలని అతని చర్చి పిల్లలు ఏడాదిగా కలలు కంటున్నారు. మిగతా స్కౌట్ దళాల వాళ్ళంతా అప్పుడే ఫిరంగి గదిలోకి దూరిపోయారు. అతని పిల్లలు మాత్రం నిచ్చెన దగ్గరే వరసకట్టి నిలబడ్డారు.

"మా అమ్మమ్మ ఇంతకంటే త్వరగా దిగుతుంది తాతా" అన్నాడు జోయెల్.

పిల్లలంతా గొల్లుమని నవ్వారు. ముసలాయనకు చీమ కుట్టినట్టయినా లేదు. జోయెల్‌ని కూడా భుజాలు పట్టుకుని వెనక్కి తిప్పాడు.

జోయెల్ అలా నవ్వుతుంటే ఫుర్టాడోకి కడుపు నిండినట్టయింది. తండ్రి పోయిన దగ్గర్నుంచి వాడి తల్లి లూసిల్ వాణ్ణి గడప దాటనివ్వడం లేదు. ఫుర్టాడోనే వాళ్ళింటికి వెళ్ళి, ఆవిడ పెట్టిన తీపి రొట్టె తింటూ గంటసేపు బతిమాలాడు. ఎలా తీసుకెళ్తానో అలాగే తెచ్చి అప్పజెబుతానమ్మా, నాదీ పూచీ అని మాటిచ్చాడు.

వరస ఎంతకీ కదలకపోయేసరికి, ఇక లాభంలేదని కొత్తగా చేరిన నౌక నిర్వాహకురాలు పెయిజ్ దగ్గరికి వెళ్ళాడు. మీ మనిషి మా పిల్లల్ని వేధిస్తున్నాడన్నాడు.

"మా మనిషా? మీ వాళ్ళలో ఎవరో తాతగారనుకున్నాను" అందావిడ.

ఇద్దరూ వెళ్ళి అడిగితే ఆయన జేబులోంచి పగటి టికెట్టు తీసి చూపించాడు. చూడవచ్చినవాళ్ళు వెళ్ళిపోవాల్సిన వేళ ఎప్పుడో దాటింది. గేటు దగ్గర మనిషి మాత్రం, పిల్లలు పడుకునే శనివారాలన్నీ ఆయన ఇక్కడే ఉంటాడని, కాస్త తిక్క అని నవ్వాడు.

ఆ మాటతో ఫుర్టాడో ఒంటికాలి మీద లేచాడు. ఊరూ పేరూ తెలియని మగవాణ్ణి పిల్లలు పడుకునే చోట ఎలా ఉండనిస్తారని పెయిజ్‌ని నిలదీశాడు. అతను అన్నదాంట్లో తప్పేమీ లేదు. ఏ స్కౌట్ మాస్టరైనా అదే అంటాడు.

ముసలాయన వాదించలేదు. టోపీ పెట్టుకున్నాడు.

"పొద్దున సామాన్లు తాడుకు కట్టి దించండి. పిల్లల చేతికివ్వకండి. మీకు పుణ్యముంటుంది" అన్నాడు.

"పిల్లల్ని తీసుకురావడం నాకు కొత్త కాదులెండి. మీరు బయల్దేరండి."

పిల్లలు చప్పట్లు కొట్టారు.

ఆ రాత్రి హాయిగా గడిచింది. నావికుల ఇనుప పళ్ళేల్లో తిన్నారు, పై అంతస్తులో అధికారుల గదుల్లో పడుకున్నారు.

పొద్దున అంతా ఆలస్యమైంది. రేవు మీద బస్సు హారన్ కొడుతోంది. తాడు సంగతి ఫుర్టాడోకి గుర్తు రాకపోలేదు. కానీ తాడెక్కడుందో వెతకాలి, ఒక్కో మూటా కట్టాలి, దించాలి. ముసలాయన చాదస్తం మనకెందుకులే అనుకున్నాడు. పిల్లల్ని జాగ్రత్తగా దిగమని చెప్పి తాను ఆ నిచ్చెన కింద నిలబడ్డాడు.

అందరూ దిగారు. జోయెల్ ఆఖరివాడు. పక్కబట్టల చుట్టను రెండు చేతులతో కావలించుకుని వచ్చాడు. దాని వెనక వాడి మొహం కూడా కనబడలేదు.

"రారా, బస్సు వెళ్ళిపోతోంది" అన్నాడు ఫుర్టాడో.

వాడు ముందుకు చూస్తూనే అడుగు వేశాడు.

చుట్ట దొర్లుకుంటూ వచ్చి ఫుర్టాడో కాళ్ళ దగ్గర ఆగింది. వాడి తల నిచ్చెన కిందున్న ఇనుప గడపకు కొట్టుకుంది. కనీసం అమ్మా అని కూడా అనలేదు.

మధ్యాహ్నానికి డాక్టర్లు పెదవి విరిచేశారు.

లూసిల్ తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. తిట్టినా బాగుండేది. "అలాగే తెస్తానన్నావు కదా అన్నా" అని మాత్రం అని, కొడుకున్న గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

ఫుర్టాడో ఆసుపత్రి వరండాలో బల్లమీద కూలబడ్డాడు. ఏడుపు కూడా రాలేదు. ఇక ఏ ముఖం పెట్టుకుని ఆ ఊళ్ళో తిరగాలో, అసలెందుకు తిరగాలో తెలియలేదు.

చాలాసేపటికి పక్కన ఎవరో కూర్చున్నారు.

ముసలాయనే. రేడియోలో విని వచ్చాడట. టోపీ చేతిలో పట్టుకుని నేలచూపులు చూస్తున్నాడు.

"మీ మాట వినలేదు. చెప్పుచ్చుకు కొట్టండి నన్ను" అన్నాడు ఫుర్టాడో.

ఆయన చెయ్యి చాపి ఫుర్టాడో వీపు మీద వేసి అలాగే ఉంచాడు.

అప్పటికి ఫుర్టాడోకి అర్థమైంది. లేదా అర్థమైందనుకున్నాడు.

"మీ అబ్బాయి కూడా అక్కడే పడ్డాడు కదూ?"

ముసలాయన తల అడ్డంగా ఊపాడు.

"పడ్డవాడు నా కొడుకు కాదు బాబూ. వాళ్ళమ్మ నన్ను నమ్మి పంపింది. అప్పట్లో నేను స్కౌట్ మాస్టర్ని."