ఊ కొట్టని గోడ

ఇంటింటి గోడలోకీ ఓదార్పు యంత్రం వచ్చేశాక, దానితో పలకని మొండివాళ్ళ కోసం వార్డుకొక సలహాదారును పెట్టారు. తొమ్మిదో తరగతిలో బడి మానేసిన నీలవేణి, తన పాపను జోకొడుతూనే ఆ సలహాదారు చదువు చదివింది. ఇవాళ ఆఖరి పరీక్ష. తన ఇంటి గోడతో పలకడం మానేసిన ముసలి సూరమ్మ చేత మాట్లాడించాలి. మార్కులు వేసేది ఆ గోడే.

నీలవేణి చంకలోని పాపను చూడగానే సూరమ్మ నోరు విప్పింది. "మా ఆయన పోయాక ఈ ఇంట్లో..."

"ఊ," అంది నీలవేణి.

"అభ్యర్థి అడ్డు తగిలారు. మార్కు తగ్గింది," అంది గోడ.

నీలవేణి పెదవులు బిగించింది. కాసేపటికి సూరమ్మే ఆగిపోయింది.

"ఏమ్మే, నిద్రోయావా?"

"లేదు మామ్మగారూ, వింటన్నాను."

"మరి ఊ కొట్టవే? ఆ గోడా ఇంతే. విందో లేదో తెలీక మాటాడ్డం మానేశాను."

నీలవేణి గోడ వంక చూసింది. పోతే పోయిందిలే అనుకుని, "ఊ, చెప్పండి," అంది.

సూరమ్మ సాయంత్రం దాకా చెబుతూనే ఉంది. మొగుడు ఉప్పు బదులు పంచదార పోసి పెట్టిన ఆవకాయ దగ్గరికి వచ్చేసరికి, గోడలోంచి సన్నగా "ఊ" అని వినిపించింది. గోడ మీద నీలవేణి పేరు పక్కన పచ్చదీపం వెలిగింది.

సూరమ్మ పకపకా నవ్వింది. "నువ్వెలాగూ పాసేలే. ఇప్పుడు దీన్ని కూడా పాస్ చేసెయ్యవే, పాపం."