ఏడో లివరు

రాత్రి రెండింటికి సిగ్నల్ క్యాబిన్‌లో గంట మూడుసార్లు మోగింది. లివర్లకు నూనె పెడుతున్న క్యాబినావిడ చెయ్యి అలాగే ఆగిపోయింది. మోగింది గని లైను గంట. ఆ లైనులో పట్టాలు పీకేసి నాలుగేళ్లయింది.

ఆమె ఫోనెత్తింది. "ఎవరండీ?"

"లైనివ్వమ్మా. బండి నిండా జనం. ఎప్పట్నుంచో నిలబడున్నాం," అంది అలసిన ముసలి గొంతు.

"పట్టాల్లేని దారిలో బండేమిటి? ఇవ్వను."

ఆమె ఫోను పెట్టేసింది. ఇంతలో ఆమె వెనక ఏడో లివరు కిర్రుమంది. గని లైనువైపు దారి తిప్పే లివరది. ఎవరూ ముట్టకుండానే బెత్తెడు ఇవతలికి వంగింది. ఐదు నిమిషాల్లో ప్యాసింజరు వస్తుంది. దారి తిరిగిందంటే అది తిన్నగా గని గోతిలోకే.

ఆమె పరుగున వెళ్లి, ఒంటి బరువంతా వేసి లివరును వెనక్కి తోసింది. కంటికి కనపడకుండా ఎవరో అంతే బలంగా దాన్ని ఇవతలికి లాగుతున్నారు.

"ఇరవై ఏళ్లుగా ఈ లివర్లతో కుస్తీ పడుతున్నా. నువ్వు లాగితే వదిలేస్తాననుకున్నావా? నీ తరమైతే లాగు!"

ప్యాసింజరు వచ్చింది. వెలుతురు కిటికీలు, నిద్దరోతున్న మొహాలు వరసగా దాటి క్షేమంగా వెళ్లిపోయాయి. అయినా లివరును లాగుతున్న ఆ పట్టు సడలలేదు.

గని లైను గంట ఈసారి రెండుసార్లు మోగింది. బండి బయల్దేరిందని దానర్థం. కాళ్ల కింద నేల సన్నగా అదరసాగింది.

ఆమె పిడి మాత్రం వదల్లేదు.

"రానీ. దారి మాత్రం ఇవ్వను," అంది.