కార్లు పడని మనిషి

కొండ దారి మొదట్లో ఒక పెద్దాయన చెయ్యెత్తితే, గడ్డం కారు ఆపాడు.

తరగతిలో అందరికంటే ముందు వాడికే మొలిచింది కాబట్టి గడ్డం అని పేరు. కారు వాళ్ళ నాన్నది. లైసెన్సు వచ్చి నెల తిరగలేదు, కాలు మాత్రం యాక్సిలరేటర్ మీంచి లేవదు.

పక్కన కూర్చున్నవాడు రేడియో. వాడి నోటికి స్విచ్ లేదని ఇంట్లోవాళ్ళే పెట్టిన పేరు. ఇద్దరూ కాన్సర్ట్‌కి వెళ్తున్నారు. మొదటి పాట పోతే ఇక వెళ్ళడమే దండగని రేడియో పొద్దున్నుంచీ పోరు పెడుతున్నాడు.

మెడలో ఆకుపచ్చ తువ్వాలుతో పెద్దాయన వెనక సీట్లో కూర్చున్నాడు. కూర్చున్నాడో లేదో, పొట్ట పట్టుకున్నాడు.

“కొంచెం మెల్లగా పోనీ బాబూ. నాకు కార్లు పడవు. కడుపులో తిప్పుతుంది.”

గడ్డం వేగం తగ్గించాడు. నాన్న కారు సీటు పాడైతే వీపు విమానం మోత మోగుతుంది మరి.

కాస్త వేగం పెరిగితే చాలు, పెద్దాయన తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకునేవాడు. పెద్ద మలుపు దగ్గరైతే ఏకంగా కక్కేవాడిలా శబ్దం చేశాడు. కారు నత్తలా పాకింది. రేడియోకి ఒళ్ళు మండిపోయింది.

“పడనప్పుడు ఎక్కడం ఎందుకు తాతా? నడిచి రావచ్చుగా.”

పెద్దాయన మలుపు దాటగానే దిగిపోతానన్నాడు. అక్కడ ఇల్లూ లేదు, కొట్టూ లేదు. దిగినవాడు దిగినట్టే వచ్చిన దారిన వెనక్కి నడిచాడు.

మతి లేదని రేడియో తేల్చేశాడు.

మైదానం గేటు ముందు వరసలో నిలబడి, వాడు ఆ కథంతా కక్కే శబ్దంతో సహా వినిపించాడు. ముందున్న కుర్రాడు వెనక్కి తిరిగి, మా కారూ ఎక్కాడన్నాడు. మా కారు కూడా అంది ఇంకో అమ్మాయి. అదే తువ్వాలు, అదే కడుపు. వరసంతా పడీ పడీ నవ్వింది.

నవ్వించేసరికి రేడియోకి ఎక్కడలేని హుషారు వచ్చింది. వెనకాల అక్క తన కారులో స్నేహితురాళ్ళతో వస్తోంది. వెంటనే ఫోన్ చేశాడు.

“అక్కా, కొండ మొదట్లో ఆకుపచ్చ తువ్వాలేసుకుని ఓ తాత చెయ్యెత్తుతాడు. ఆపావంటే మొదటి పాట అయిపోయినట్టే. చూడనట్టు వచ్చెయ్.”

అక్క సరేనంది.

వేదిక మీద దీపాలు వెలిగి, మొదటి పాట మొదలైంది. రేడియో జేబులో ఫోన్ మోగింది. నంబరు అక్కది, గొంతు అక్కది కాదు.

రేడియో వెళ్ళేసరికి ఆసుపత్రిలో అక్క మంచం మీద ఉంది. విరిగిన కాలికి చుట్టి ఉన్నది ఆకుపచ్చ తువ్వాలు.

“పెద్ద మలుపులో కారు అదుపు తప్పిందిరా,” అంది అక్క. “ఆ తాతే వెనక కారులో వచ్చి, లోయలోకి దిగి మమ్మల్నందర్నీ బయటికి లాగాడు. ఎందుకాపలేదమ్మా అనడిగాడు. తమ్ముడు వద్దన్నాడని చెప్పేశాను.”

రేడియో ఆ తువ్వాలునే చూస్తూ అడిగాడు.

“ఏమన్నాడు?”

“నిన్నేమీ అనొద్దన్నాడు. చిన్నవాడివి, నీకేం తెలుసన్నాడు.”

తిట్టి ఉంటే బాగుండేది. సిగ్గుతో వాడు అక్క ముఖం చూడలేకపోయాడు. కాళ్ళ మీద పడైనా క్షమించమందామని వరండాలోకి పరిగెత్తాడు. ఆయన కూర్చున్నాడని అక్క చెప్పిన బెంచీ ఖాళీగా ఉంది.

ఆయన ఇప్పుడే వెళ్ళిపోయాడని అంబులెన్సు డ్రైవరు చెప్పాడు. కాన్సర్ట్ అయ్యాక కుర్రాళ్ళంతా మళ్ళీ ఆ దారినే కదా వెళ్ళాలి, అందుకని కొండ దగ్గరికే పోయాడట.

“ఆయనకి కార్లు పడవు కదండీ,” అన్నాడు రేడియో.

డ్రైవరు వాడి వంక వింతగా చూశాడు.

“బతుకంతా ఆ కొండ మీద బస్సు నడిపిన మనిషికి కార్లు పడకపోవడమేంటి బాబూ, కొడుకు ఇలాగే పాటలకి వెళ్తూ ఆ మలుపులో పోయిన దగ్గర్నుంచీ, కాన్సర్ట్ ఉన్నప్పుడల్లా మీలాంటి పిల్లల్ని ఒక్కో కారూ ఎక్కి ఆ మలుపు దాటించి వస్తుంటాడు.”