పై పాట

ముసలి ఉడుత పోయాక, దాని తాతల నాటి చిన్న టేకు బల్లను నక్క మామిడితోపులో వేలం వేసింది. ఆ బల్ల మీద కాకికి ఎప్పటినుంచో మనసు.

"పది పళ్లు!" అంది కాకి.

"కాకి పాట పది! దీనికి పై పాట లేదా?" అని అరిచింది నక్క.

కొమ్మ మీదున్న కోయిలకు ఒళ్లు మండింది. కాకి పాటకు పై పాట లేకపోవడమా? గొంతెత్తి కూసింది.

నక్కకు కావలసిందీ అదే. "కోయిల పాట ఇరవై!"

కాకి ముప్పై అంది. కోయిల ఇంకా గట్టిగా కూసింది. నక్క నలభై అనేసరికి కాకి ఊరుకుంది.

"ఒకటోసారి, రెండోసారి, మూడోసారి! పాట కోయిలమ్మదే!"

కోయిల పొంగిపోయింది. ఆ పొంగు తగ్గకముందే నక్క బల్లను దాని ముందు పడేసి, ఆ ఏడాది అది తినాల్సిన నలభై పళ్లూ మూటకట్టుకుపోయింది.

ఇంతలో చినుకులు మొదలయ్యాయి. బల్ల తడిసిపోతోంది. కోయిలకు గూడెక్కడిది? కాకి లేని సమయం చూసి, బల్లను దాని గూట్లోకి మెల్లగా ఎక్కించబోయింది.

"గుడ్లంటే నావో నీవో తెలియక పొదిగాను చెల్లీ," అంది వెనక నుంచి కాకి. "బల్లను గుర్తుపడతాను."